అబిడ్స్, నాంపల్లి వ్యాపారాలకు డేటా సెంటర్ సేవలు: కొలొకేషన్, హోస్టింగ్

వ్యాపార సంస్థ తన సొంత సర్వర్లను ఆఫీసులో పెట్టుకోకుండా, మరో సంస్థ కట్టి నడిపే డేటా సెంటర్‌లో చోటు అద్దెకు తీసుకుని అక్కడ ఉంచడాన్ని కొలొకేషన్ అంటారు. భవనం, కరెంటు, చల్లదనం, కాపలా, నెట్ లైన్లు డేటా సెంటర్‌వి. యంత్రం, అందులోని సాఫ్ట్‌వేర్, సమాచారం అద్దెకున్న సంస్థవి. యంత్రం కూడా ఎదుటివారిదే అయి, దాన్ని వాడుకునే వీలును మాత్రం నెలకో ఏడాదికో డబ్బు కట్టి తీసుకుంటే అది హోస్టింగ్. నాంపల్లి మైదానంలో ఏటా జరిగే నుమాయిష్ చూసినవారికి కొలొకేషన్ ఇట్టే అర్థమవుతుంది. చోటు, కరెంటు, గేటు దగ్గర కాపలా ఎగ్జిబిషన్ సొసైటీ చూసుకుంటుంది. స్టాలులోని సరుకు, గల్లాపెట్టె మాత్రం వ్యాపారివే.

ప్రాంతం, అక్కడి అవసరం

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం వల్ల అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. జనరల్ పోస్టాఫీసు ఇక్కడే ఉంది. 1941లో మొదలైన హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారి, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసేదాకా గన్‌ఫౌండ్రీ కేంద్రంగానే నడిచింది. పక్కనే 1907 నాటి నాంపల్లి స్టేషన్, మొజంజాహీ మార్కెట్, జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ దుకాణాలు, కాస్త అవతల కోఠి మందుల టోకు వ్యాపారం, ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాను, బేగంబజార్‌లో కిరాణా టోకు. వీటి మధ్యే ప్రభుత్వ కార్యాలయాలున్నాయి: భూపరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం, ఇంటర్మీడియట్ బోర్డు, చాపెల్ రోడ్డులో పదో తరగతి పరీక్షల విభాగం, ఎం.జె. రోడ్డులో పబ్లిక్ సర్వీస్ కమిషన్. హైదరాబాద్ ఐటీ అనగానే మాదాపూర్, గచ్చిబౌలి గుర్తొస్తాయి గానీ, రోజంతా బిల్లులు కొడుతూ, ఖాతాలు రాస్తూ, రికార్డులు తిరగేస్తూ ఉండేది ఈ పాత వ్యాపార కేంద్రమే.

ఇక్కడి చాలా దుకాణాల్లో సర్వర్ అని పిలిచేది నిజానికి కౌంటర్ కిందో, వెనక గదిలోనో పెట్టిన ఒక మామూలు కంప్యూటర్. అందులో ఖాతాల సాఫ్ట్‌వేర్ టాలీ గానీ, మందుల పంపిణీదారులైతే బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు చూపే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గానీ నడుస్తుంటుంది. గోదాములోని కంప్యూటర్, ఇంకో వీధిలోని రెండో దుకాణం, ఇంట్లో యజమాని ల్యాప్‌టాప్, వారానికోసారి వచ్చే అకౌంటెంట్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. వ్యాపారం ఒక కౌంటరు దాటనంత కాలం ఈ ఏర్పాటు చాలు. రెండో శాఖ తెరిచాకే ఇబ్బంది మొదలవుతుంది.

భవనాలు సమస్యను మరింత పెంచుతాయి. అబిడ్స్, నాంపల్లిలో కింద దుకాణాలు, పైన ఆఫీసులు, ఆపైన ఇళ్లు, సెల్లార్‌లో గోదాము ఉన్న కట్టడాలు ఎక్కువ. రాత్రి షట్టర్ దించితే ఏసీ ఆగుతుంది, సర్వర్ ఆగదు. మే నెలలో 40 డిగ్రీలు దాటిన పగటి వేడి ఆ గదిలో తెల్లవార్లూ మిగిలే ఉంటుంది. యూపీఎస్‌లో వాడే సీసం బ్యాటరీలకు 25 డిగ్రీలు అనువైన వేడి. అంతకు పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఆ రంగంలో అందరూ పాటించే లెక్క. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్నో సెల్లార్లు నీట మునిగాయి. అగ్నిప్రమాదాల సంగతి ఇంకా బాధాకరం. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో వందల స్టాళ్లు కాలిపోయాయి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. అలాంటి చోట లెక్కల పుస్తకాల గురించి మాట్లాడటం చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ఎవరు ఎంత బాకీ అన్న వివరం ఒకే డిస్కులో ఉండి, ఆ డిస్కు కాలిపోతే, ప్రాణాలతో బయటపడ్డ కుటుంబానికి బతుకుదెరువు కూడా దానితోపాటే పోతుంది.

యంత్రం దూరం జరిగిన చరిత్ర

యంత్రాన్ని ఇంకోచోట ఉంచి ఇక్కడ పని చేసుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలతో పాటు సికింద్రాబాద్‌లోనూ కేంద్ర సర్వర్లు పెట్టి నడిపారు. 1999లో ఈ అయిదూ దేశవ్యాప్తంగా ఒకదానితో ఒకటి కలిశాయి. నాంపల్లి స్టేషన్ కౌంటర్‌లో గుమస్తా ముందు ఉండేది తెర, కీబోర్డు, టికెట్ ప్రింటరు. సీట్ల లెక్క మాత్రం వేరేచోటి యంత్రంలో.

రిజిస్ట్రేషన్ల శాఖ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 చోట్ల మొదలైన ‘కార్డ్’ పథకంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే సర్వర్ ఉండేది. అప్పటి టెలిఫోన్ లైన్ల పరిస్థితికి అదే సరైన నిర్ణయం. లైన్లు మెరుగయ్యాక కేంద్రీకరణ వచ్చింది, దానితోపాటు ‘సర్వర్ డౌన్’ అన్న మాట జనం నోళ్లలో పడింది. ఒక ఆఫీసు యంత్రం ఆగితే ఆ ఆఫీసే ఆగుతుంది. కేంద్ర యంత్రం ఆగితే రాష్ట్రమంతా క్యూలో నిలబడుతుంది. సర్వర్లను ఒకచోటికి చేర్చేవారు జాగ్రత్తల మీద అంతకంత ఖర్చు పెట్టాల్సి వచ్చేది ఇందుకే.

ఉమ్మడి ఏర్పాటుకు అన్నింటికంటే మంచి ఉదాహరణ నాంపల్లికి పక్కనే ఉన్న మాసబ్ ట్యాంక్‌లో దొరుకుతుంది. రిజర్వ్ బ్యాంక్ 1996లో అక్కడ నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ, 1999లో బ్యాంకుల మధ్య ‘ఇన్ఫినెట్’ నెట్‌వర్కును, 2004 ఆగస్టు 27న నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించింది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే సౌకర్యం దేశమంతటికీ ఈ స్విచ్ వల్లే పాకింది. ప్రతి బ్యాంకూ మిగతా బ్యాంకులన్నింటితో విడివిడిగా లైన్లు వేసుకోకుండా, మధ్యలో ఒక నమ్మకమైన చోటికి అన్నీ వచ్చి కలిశాయి. 2009 డిసెంబరులో ఆ స్విచ్ నిర్వహణ జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి వెళ్లింది.

హైదరాబాద్‌లో డేటా సెంటర్లు

సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఎస్‌టీపీఐ 1990లలో అమీర్‌పేట మైత్రీవనం నుంచి ఎగుమతిదారులకు ఉపగ్రహ లైన్లు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక సంస్థ ఎన్ఐసీ తన మొదటి జాతీయ డేటా సెంటర్‌ను 2008లో హైదరాబాద్‌లోనే తెరిచింది. పూణె, ఢిల్లీ, భువనేశ్వర్ తరువాత వచ్చాయి. ప్రైవేటు రంగంలో పిన్నపురెడ్డి శ్రీధర్ 2007లో స్థాపించిన కంట్రోల్‌ఎస్ ఈ నగరం నుంచే ఎదిగి, అత్యున్నత శ్రేణి డేటా సెంటర్లకు పేరు తెచ్చుకుంది. 2016లో తెలంగాణ ప్రభుత్వం డేటా సెంటర్ల కోసం ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. 2022 నవంబరు 22న అమెజాన్ వెబ్ సర్వీసెస్ మూడు విడి విభాగాలతో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే ఏడాది ఇక్కడ రీజియన్ కడతామని ప్రకటించింది. 2025 అక్టోబరులో విశాఖపట్నానికి గూగుల్ 1,500 కోట్ల డాలర్ల కేంద్రాన్ని ప్రకటించడంతో రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ రంగంలో ముందువరుసకు చేరాయి.

సముద్రానికి దూరంగా ఉండటం, తుపాను, భూకంపాల ముప్పు తక్కువ కావడం హైదరాబాద్‌కు కలిసొచ్చాయి. డేటా సెంటర్లు నగరంలోనే ఉండటం వల్ల అబిడ్స్ వ్యాపారికి దక్కే మేలు దగ్గరితనం. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు డేటా సెంటర్లు ఇరవై కిలోమీటర్ల లోపే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఆ దూరం వెళ్లిరావడానికి మిల్లీసెకనులో అయిదో వంతు చాలు. మధ్యలోని పరికరాల జాప్యం కలిపినా కొన్ని మిల్లీసెకన్లే. అదే సర్వర్ అమెరికాలో ఉంటే ఒక్కో పలకరింపుకు 200 మిల్లీసెకన్లు దాటుతుంది. బిల్లు తెరలో ఒక సరుకు పేరు కొట్టగానే సర్వర్‌తో పదిసార్లు మాట్లాడే పాత తరహా సాఫ్ట్‌వేర్‌కు ఈ తేడా ప్రాణాంతకం.

ఎవరికి ఏది తగును

ఒక చెప్పుల దుకాణానికి వెబ్‌సైటు, నాలుగు ఈమెయిల్ చిరునామాలు కావాలంటే షేర్డ్ హోస్టింగ్ చాలు. ఒకే యంత్రాన్ని వందల సైట్లు పంచుకుంటాయి, ఖర్చు చాలా తక్కువ. పక్క సైటుకు రద్దీ వస్తే మన సైటు నెమ్మదిస్తుంది. రెండు మూడు శాఖల్లో టాలీ నడపాలంటే వీపీఎస్, అంటే పెద్ద యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో విడగొట్టిన సొంత భాగం, సరిపోతుంది. యంత్రమంతా ఒక్కరికే ఇచ్చేది డెడికేటెడ్ సర్వర్. వాడినంతకు గంటల లెక్కన కట్టేది క్లౌడ్.

కొలొకేషన్ వీటన్నింటికంటే బరువైన నిర్ణయం. చిన్న వ్యాపారులకు దాన్ని అంటగట్టే సలహాదారులతో ఈ వ్యాసకర్త ఏకీభవించడు. ఇప్పటికే మంచి సర్వర్లు కొని ఉండి, వాటి మీద ఏడాది పొడవునా ఒకే రకమైన పని నడుస్తూ, యంత్రాన్ని చూసుకోగల మనిషి జీతం మీద ఉన్న సంస్థకే అది లాభం. స్కానింగ్ బొమ్మలు టెరాబైట్ల కొద్దీ దాచే ఆసుపత్రి, సహకార బ్యాంకు, పెద్ద మందుల పంపిణీ సంస్థ, ప్రాసెసర్ల లెక్కన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ముందే కొనేసిన కంపెనీ ఈ కోవలోకి వస్తాయి.

రద్దీ ఒక్కరోజే వచ్చేవారిది వేరే కథ. నాంపల్లిలోని పరీక్షల కార్యాలయాలు ఫలితాలు విడుదల చేసే రోజును తీసుకుంటే, ఏడాదంతా ఖాళీగా ఉండే పేజీ మీద లక్షల మంది పిల్లలు, తల్లిదండ్రులు ఒకే గంటలో వచ్చి పడతారు. ఆ ఒక్క గంట కోసం ర్యాకుల నిండా సర్వర్లు కొనడం దండగ. అందుకే ఫలితాలను ఒకేసారి అనేక సైట్లలో పెడతారు. అప్పటికప్పుడు పెంచి, మర్నాడు తగ్గించుకోగల క్లౌడ్ ఇలాంటి పనికే తగినది.

ర్యాకు దగ్గర

ర్యాకు 19 అంగుళాల వెడల్పున్న పరికరాలు పట్టే ఇనుప బీరువా. ఎత్తును ‘యు’లలో కొలుస్తారు; ఒక యు 1.75 అంగుళాలు, మామూలు ర్యాకు 42 యులు. వెనక ఇరువైపులా నిలువునా రెండు కరెంటు పట్టీలు ఉంటాయి. ఒకటి ‘ఎ’ లైను, రెండోది ‘బి’ లైను. రెండింటికీ వేర్వేరు యూపీఎస్‌లు, మంచి డేటా సెంటర్‌లో వేర్వేరు జనరేటర్లు కూడా. సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు ఉంటే ఒక్కో తీగను ఒక్కో పట్టీకి తగిలిస్తారు. ఒక లైను పోయినా యంత్రం కన్నార్పదు.

అబిడ్స్ నుంచి తెచ్చిన టవర్ కంప్యూటర్‌కు సాధారణంగా ఒకే పవర్ సప్లై ఉంటుంది. దాన్ని ర్యాకులో బిగించే వీలు లేక అర మీద కూర్చోబెట్టాలి. ఒక్క యు సర్వర్ పట్టే చోటుకు అది అయిదారింతలు తింటుంది. తీగ ఒక్కటే కాబట్టి ‘ఎ’ లైనుకు మరమ్మతు చేసిన రాత్రి అది ఆగిపోతుంది. డేటా సెంటర్ ఎంత గొప్పదైనా ఆ యంత్రానికి దాని వల్ల ఒరిగేది సగమే. తరలించే ముందు రెండు పవర్ సప్లైలున్న ర్యాక్ సర్వర్‌కు మారడం ఇందుకే మంచిది.

అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ డేటా సెంటర్లను నాలుగు టియర్లుగా వర్గీకరించింది. టియర్ 3కి 99.982 శాతం, అంటే ఏడాదికి సుమారు గంటన్నర ఆగుదల, టియర్ 4కి 99.995 శాతం, అంటే 26 నిమిషాలు అని చెప్పుకునే లెక్కలు వాడుకలో ఉన్నాయి. ఇవి భవనంలోని కరెంటు, చల్లదనాలకు సంబంధించినవి. సర్వర్‌లో డిస్కు పాడైతే, సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ఆ గ్యారంటీ పనికిరాదు. అర్ధరాత్రి యంత్రం స్పందించకపోతే డేటా సెంటర్ సిబ్బంది వెళ్లి తీగ సరిచేయడం, బటన్ నొక్కడం, డిస్కు మార్చడం ‘రిమోట్ హ్యాండ్స్’ సేవ కిందికి వస్తాయి. దానికి గంటల లెక్కన విడిగా కట్టాలి. సర్వర్ వెనక ఉండే రిమోట్ నిర్వహణ పోర్టును వీపీఎన్ వెనక పెట్టుకుంటే చాలా పనులు అబిడ్స్ ఆఫీసు నుంచే అవుతాయి. ఆ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం మాత్రం దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే.

మధ్యలోని తీగ

సర్వర్ తరలిపోయాక దుకాణానికీ దానికీ మధ్య ఉండే నెట్ లైనే వ్యాపారానికి ఊపిరి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి భక్తులు మరణించాక, విద్యుత్ సంస్థ నగరంలో స్తంభాల మీది కేబుళ్లను తొలగించింది. చాలా కాలనీల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. ప్రాణాలు కాపాడటానికి చేసిన పని అది, తప్పుపట్టలేం. వ్యాపారి చేయాల్సింది రెండు లైన్లు తీసుకోవడం. రెండు కంపెనీలవాళ్లూ ఒకే స్తంభం మీదుగా తీగ లాగితే రెండున్నా ఒకటే. ఒకటి భూమిలో వేసిన ఫైబర్, రెండోది 5జీ గానీ వైర్‌లెస్ గానీ అయితే మేలు. రెండూ పోయినప్పుడు బిల్లులు ఆగకుండా, కౌంటర్ కంప్యూటర్‌లోనే తాత్కాలికంగా రాసుకుని తరువాత పంపే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి.

బిల్లు ఎలా వస్తుంది

చోటుకు యు లెక్కనో, సగం ర్యాకు, పూర్తి ర్యాకు లెక్కనో అద్దె. కరెంటుకు ముందే ఒప్పుకున్న సామర్థ్యం (కేవీఏ) ప్రకారం గానీ, మీటరు ప్రకారం గానీ వసూలు. నెట్‌కు, ఐపీ చిరునామాలకు, ఇంకొకరి ర్యాకుకు లాగే క్రాస్ కనెక్టు తీగకు విడివిడిగా చార్జీలు. అన్నింటి మీదా 18 శాతం జీఎస్టీ. చాలామందిని తికమకపెట్టేది నెట్ లెక్క. అయిదు నిమిషాలకోసారి వాడకం కొలిచి, నెల చివర అన్నింటికంటే ఎక్కువున్న 5 శాతం కొలతలను కొట్టేసి, మిగిలిన వాటిలో పెద్దదానికి డబ్బు కట్టించుకునే పద్ధతి ఒకటుంది. ముప్పై రోజుల నెలలో 720 గంటలు. అందులో 5 శాతం అంటే 36 గంటలు. నెలంతా ప్రశాంతంగా ఉండి, పండగ అమ్మకాల రెండు సాయంత్రాల్లో మాత్రమే రద్దీ వచ్చే దుకాణానికి ఈ పద్ధతిలో ఆ రద్దీకి పైసా పడదు. రోజూ రాత్రి రెండు గంటలు భారీ బ్యాకప్ పంపేవారికి నెలకు 60 గంటలవుతుంది కాబట్టి మొత్తం బిల్లు ఆ బ్యాకప్ వేగానికే పడుతుంది. బ్యాకప్ వేగానికి పరిమితి పెట్టుకుంటే బిల్లు దిగివస్తుంది.

చట్టం, బాధ్యత

కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలు ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్‌లో, 2022 ఆగస్టు సవరణ ప్రకారం రోజూ, ఉంచాలి. అబిడ్స్‌లో ఎక్కువగా కనిపించే భాగస్వామ్య, సొంత యాజమాన్య దుకాణాలకు ఆ నిబంధన వర్తించదు గానీ, అలవాటుగా పాటించదగినదే. 2018 ఏప్రిల్ 6 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశం చెల్లింపుల సమాచారాన్ని దేశంలోనే దాచమంది. సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో సమాచారమివ్వాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అసలు విషయాన్ని సూటిగా తేల్చింది: సమాచారాన్ని తన తరఫున ఇంకెవరు భద్రపరిచినా, ఒప్పందంలో ఏం రాసుకున్నా, కస్టమర్‌కు జవాబుదారీ దాన్ని సేకరించిన సంస్థే.

2022 జనవరిలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒక సహకార బ్యాంకు వ్యవస్థలోకి దుండగులు చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా మళ్లించారు. సిబ్బందికి వచ్చిన మోసపూరిత ఈమెయిళ్ల ద్వారా వారు లోపలికి వచ్చినట్టు దర్యాప్తులో తేలింది. ఎంత దృఢమైన డేటా సెంటర్ గోడ అయినా అలాంటి దాడిని ఆపలేదు. బ్యాకప్ ఒక ప్రతి హైదరాబాద్ బయట, ముంబైలోనో చెన్నైలోనో ఉండాలి; ఇంకో ప్రతి నెట్‌కు తగలకుండా విడిగా ఉండాలి. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్ నుంచి ఖాతాలు నిజంగా తెరిచి చూడాలి.

ఒప్పందం, బయటకు వచ్చే దారి

సంతకం చేసేటప్పుడు అందరూ అద్దె మీద బేరమాడతారు, వెళ్లిపోయే షరతుల మీద ఎవరూ ఆడరు. అబిడ్స్‌లోని భూపరిపాలన కార్యాలయం కింద 2020 అక్టోబరు 29న ప్రారంభమైన భూరికార్డుల పోర్టల్ ధరణి, ఆ షరతులు ఎందుకు ముఖ్యమో చెప్పే, అందరికీ తెలిసిన ఉదాహరణ. దాని నిర్వహణ తొలుత ప్రైవేటు సంస్థ చేతిలో ఉండి, 2024 డిసెంబరులో ఎన్ఐసీకి మారింది. 2025 ఏప్రిల్‌లో భూభారతి దాని స్థానంలోకి వచ్చింది. లక్షల రైతుల పాసుపుస్తకాలున్న వ్యవస్థ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారాలంటే సమాచారం ఏ రూపంలో ఇస్తారు, పాత సిబ్బంది ఎన్నాళ్లు తోడుంటారు, పాస్‌వర్డులు ఎప్పుడు మారతాయి అన్నవి ముందే రాసి ఉండాలి. చిన్న మందుల దుకాణానికీ ఇవే ప్రశ్నలు.

కొలొకేషన్ ఒప్పందంలో ప్రతి యంత్రం సీరియల్ నంబరు అనుబంధంలో ఉండాలి. లేకపోతే బాకీ వివాదం వచ్చిన రోజు గేటు పాసు దొరకదు. అద్దె ఆలస్యమైతే ఎన్ని రోజుల నోటీసు తరువాత తీగ పీకుతారో చూడాలి. డొమైన్ పేరు వెబ్‌సైటు చేసిచ్చిన కుర్రవాడి పేరు మీద కాకుండా సంస్థ పేరు మీద నమోదై ఉందో లేదో సరిచూసుకోవాలి. ఈ ఒక్క పొరపాటుతో ఏళ్ల నాటి ఈమెయిల్ చిరునామాలు పోగొట్టుకునేవారున్నారు. ఖాళీ చేసే రోజున సొంత డిస్కులను వెనక్కి తెచ్చుకోవచ్చు. హోస్టింగ్‌లో డిస్కు వారిదే కాబట్టి సమాచారం తుడిచేసినట్టు రాతపూర్వక ధ్రువపత్రం తీసుకుని, చివరి నెల బిల్లు ఆ తరువాతే కట్టే షరతు రాయించుకోవాలి.